మోకాలి లోతు పునాది

ఇటు రండి, ఇంకొంచెం ముందుకు జరగండి. గోడకు చేరబడితే నిద్ర ముంచుకొస్తుంది, చాప మీదకు రండి. ఇవాళ రాజు కథ కాదు, దయ్యం కథ కాదు, మన్ను కథ. మన్నుకు కథేమిటని మూతులు తిప్పకండి. నడక వచ్చినప్పటి నుంచి దాన్ని తొక్కుతూనే ఉన్నాం, అది మనల్ని తిరిగి ఏమీ అనదు కాబట్టి దానికి నోరే లేదనుకుంటాం. నోరుంది. వినేవాళ్లే తక్కువ. రామి కూడా వినలేదు. వినక ఏం పోగొట్టుకుందో చెబుతాను, చెవి ఇటు పడేయండి.

రామి పుట్టింది, మెట్టింది కొత్తగూడ అడవి అంచున ఒక తండాలోనే. లంబాడీల ఊరు అది. ఇంట్లో మాట్లాడుకునే భాష వేరు, సంతలో మాట్లాడే తెలుగు వేరు. అక్కడిదంతా ఎర్ర చెల్క నేల. దున్నితే నాగలి కింద రాళ్లు గలగలమంటాయి. గడ్డపార వేస్తే మోకాలి లోతులో ఠంగుమని నిప్పురవ్వ లేస్తుంది, అక్కడి నుంచి కిందంతా గులకరాళ్లు కలిసిన గట్టి మొరం, బండ. వానాకాలం జొన్నో కందో నాలుగు గింజలు వస్తే వచ్చినట్టు, లేదంటే లేనట్టు. ఆ నేలను తిట్టని నోరు ఆ తండాలో లేదు. అయితే ఒక్క సంగతి. ఆ నేల మీద తాతలనాడు వేసుకున్న మట్టిగోడలు అట్లాగే ఉన్నాయి, ఒక్క గోడా ఒరగలేదు. నిలబడిన గోడను చూసి దాని కింది నేలను మెచ్చుకున్నవాళ్లను మీరెక్కడైనా చూశారా? ఎవరూ మెచ్చుకోరు. పంట ఇయ్యలేదని తిట్టేవాళ్లే అందరూ.

రామి చిన్నప్పటి నుంచి పత్తి ఏరడానికి, మిరప తెంపడానికి చిట్యాల వైపు కూలికి పోయేది. అటువైపంతా నల్ల రేగడి. చేను చూస్తే కడుపు నిండేది ఆమెకు. మనిషి ఎత్తు చెట్లు, పిడికిలంత కాయలు. ఒకసారి వాన పడి వెలిశాక చేనులో నుంచి బయటకు వస్తుంటే ఆమె కాళ్లకు నల్లబురద బూట్లు తొడిగినట్టు పట్టుకుంది. గట్టు మీద కూర్చున్న ఆసామి భార్య, కాళ్లు గీక్కొని పొమ్మని, మా మన్నంతా మీ తండాకు మోసుకపోయేటట్టున్నావని అంది. పరాచికానికే అంది. అందరూ నవ్వారు, రామి కూడా నవ్వింది. నవ్వుతూనే ఒక పుల్ల తీసుకుని, పాదాలకు ఉన్న మన్నంతా అక్కడే గీకేసి పోయింది. ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే కోరిక. చెయ్యి వెడల్పైనా సరే, నల్లమన్ను తనదని చెప్పుకోవాలి.

ఆమెను చేసుకున్నవాడు చాంద్యా. మాట తక్కువ, పని ఎక్కువ. మేకలు కాసేవాడు, అడవిలో మొర్రిపండ్లు, ఇప్పపువ్వు ఏరేవాడు. వాళ్లకు ఒక్కడే కొడుకు, ప్రేమ్‌సింగ్. భూపాలపల్లి బొగ్గు గనుల దగ్గర టిప్పర్ తోలే పని దొరికింది వాడికి. భార్య సుజాత, ఒక బిడ్డ సుమన. ముగ్గురూ అక్కడ ఒక కిరాయి గదిలో ఉండేవాళ్లు. కిటికీ తెరిస్తే బొగ్గు దుమ్ము, మూస్తే ఉక్క. పిల్ల రాత్రీ పగలూ దగ్గేది. రామి మనవరాలి మొదటి మాట ఫోన్లో వింది, మొదటి అడుగు ఫోన్లో చూసింది. ఫోన్ పెట్టేశాక చాంద్యాకూ తనకూ అని గంజి కాచుకుంటుంటే ఆమెకు పొయ్యి ముందు ఏడుపు వచ్చేది.

ప్రేమ్‌సింగ్ ఒకసారి వచ్చినప్పుడు మాట తీశాడు. తండా తనకు పనికి దూరమనీ, ఘనపూర్ వైపు ఎక్కడైనా రోడ్డు పక్కన జాగా కొని గట్టి ఇల్లు కట్టుకుంటే తాను బండి మీద పనికి పోయి వస్తాననీ, అందరం ఒక్క దగ్గరే ఉండొచ్చనీ అన్నాడు. రామికి ఆ ఒక్క మాట చాలు. ఒక పొయ్యి, ఒక పెద్ద గిన్నె, అయిదుగురికీ ఒక్కసారే అన్నం. ఆ కలలో పడింది. మేకలు అమ్మారు, ఆమె మెడలోవి, చేతులవి వెండి సొమ్ములు అమ్మారు, కొడుకు దాచింది కలిపారు. జాగా వెతకడానికి బయలుదేరారు.

రెండు జాగాలు కుదిరాయి. ధర అటూ ఇటూగా ఒక్కటే. ఒకటి గుట్ట పక్కన. ఎర్ర మొరం, సర్కారు తుమ్మ, బండలు. నడుస్తుంటే చెప్పు కింద రాయి పొడుచుకుంటుంది. రెండోది రోడ్డుకు ఆనుకుని, రాజలింగం అనే ఆసామి పత్తిచేనులో కోసి ఇచ్చే ఒక తుంట. నల్ల రేగడి. ఎండాకాలం కదా, చేనంతా బీటలు వారి ఉంది, అయినా రామి కంటికి అది నెయ్యి పోసిన పొలంలా కనబడింది.

చాంద్యా గుట్ట జాగా చుట్టూ ఒకసారి తిరిగి, మడిమతో నేలను తన్ని చూసి, ఇదే బాగుందన్నాడు. రామి నమ్మలేకపోయింది.

"ఏం బాగున్నది ఈడ? పుట్టినకాంచి రాళ్లు ఏరి ఏరి నీకు కండ్లు గూడ రాళ్లయినయ్."

"రాయి మీద గోడ కదలదే," అన్నాడు చాంద్యా. "మా నాయిన కట్టిన గోడ ఇయ్యాల్టికి కదల్లే."

"మీ నాయిన గోడలే కట్టిండు, కడుపు నింపిండా? సంత నుంచి సొరకాయ కొనుక్కొచ్చుకునే బతుకు మన మనుమరాలికి గూడ కావాల్నా?"

నిజమే కదా, చాంద్యా నాయిన ఆకలితోనే పోయాడు. కొడుకును అడిగితే రోడ్డు దగ్గర ఉంటే బండికి మంచిదన్నాడు. అయినా రామి ఊరికే దూకలేదు. రాజలింగం దగ్గరికి వెళ్లి, మన్ను మంచిదేనా పటేలా అని అడిగింది. ఆయన ఒక గడ్డ తీసి చేతిలో చిదిమి చూపించి, ఈ చుట్టుపక్కల ఇంత మంచి మన్ను లేదన్నాడు. మా తాతల నుంచి ఇందులో ఒక్క పంట తప్పలేదన్నాడు. రామి ఆ గడ్డ ముక్కను వాసన చూసి కొంగున కట్టుకుంది.

ఇంకొక పరీక్ష కూడా చేశారు. మన పెద్దలు ఇల్లు కట్టే జాగాలో ఒక గుంత తీసి, తీసిన మన్నును మళ్లీ అందులోనే పోయిస్తారు. మన్ను మిగిలితే ఆ ఇంట్లో కలిమి మిగులుతుంది, చాలకపోతే ఆ ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి తక్కువపడుతుందని చెబుతారు. రామి అన్న వచ్చి గుంత తవ్వాడు. తిరిగి పోస్తే గుంత నిండి, పైన గంపెడు కుప్ప మిగిలింది. రామి ముఖం చూడాలి అప్పుడు. చాంద్యా కూడా సరేనన్నాడు.

అక్కడ జరిగిన పొరపాటు ఏమిటో వినండి. ఆ పరీక్ష ఎర్రమన్నుకు సరే. అది పొడిపొడిగా జారి, సందుల్లోకి దిగి, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. ఎండాకాలపు రేగడి అట్లా కాదు. పెళ్లలు పెళ్లలుగా లేస్తుంది. పెళ్లకూ పెళ్లకూ నడుమ గాలి. గంపెడు మిగిలిందంటే మిగిలింది గాలి. అదే గుంత మొదటి వాన తర్వాత చూస్తే కుంగి బొక్కెనలా ఉండేది. ఆ చూపు ఎవరికీ లేదు, ఎందుకంటే వాళ్లెవరూ రేగడిలో ఒక్కనాడూ ఇల్లు కట్టి ఎరుగరు. రేగడిలోకి వాళ్లు కూలికే దిగారు, పొద్దు గూకితే ఎర్రనేలకు పోయి పడుకున్నారు.

పునాది తవ్వే రోజు తండా నుంచి చుట్టాలంతా ట్రాక్టర్ మీద వచ్చారు. వాళ్లలో అది రివాజు, ఒకరి ఇంటికి అందరూ చెయ్యి వేస్తారు. తమ గురువు సేవాలాల్‌కు మొక్కి, నిప్పు మీద బెల్లం, నెయ్యి వేసి, గడ్డపార ఎత్తారు. గడ్డపార వెన్నలోకి దిగినట్టు దిగింది. ఒక ముసలాయన, మన తండాలో ఈ పనికి చేతులు పుండ్లయ్యేవి, ఇక్కడ పెండ్లి భోజనం లెక్క ఉందని నవ్వించాడు. మోకాలి లోతు రాగానే అందరూ ఆగి చెమట తుడుచుకున్నారు. తండాలో మోకాలి లోతులో బండ తగులుతుంది, అక్కడ ఆపుతారు. ఇక్కడ బండ తగల్లేదు, ఠంగుమని మోగలేదు, అయినా మోకాలు రాగానే చేతులు వాటంతట అవే ఆగాయి. అలవాటు అంటే అదే. గోడ కట్టడానికి వచ్చిన మేస్త్రి, లోతు ఎంత తీశారని అడిగాడు. రేగడి కదా అని కూడా నసిగాడు. మా దగ్గర గింతే తీస్తారని రామి గట్టిగా చెప్పింది. ఆయన కూలికి వచ్చినవాడు, ఇంటాయన కాదు. దారం పట్టి ఇటుక పేర్చడం మొదలుపెట్టాడు.

ఇల్లు లేచింది. రెండు గదులు, ఒక వంటిల్లు, పైన రేకులు, ముందర చిన్న అరుగు. గోడలకు ఆకుపచ్చ సున్నం వేయించింది రామి. ప్రేమ్‌సింగ్ సామానంతా ఆటోలో వేసుకుని వచ్చాడు. సుమన ఇంట్లోకి పరుగెత్తుకొచ్చి, రెండు గదులూ తిరిగి, ఇది ఎవరి ఇల్లు దాదీ అని అడిగింది. దాదీ అంటే వాళ్ల భాషలో నాయనమ్మ. నీదే అని చెప్పి రామి ఆ పూట పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టింది. ఆ మొదటి ఏడాది ఆమె బతుకులో మంచి కాలం అంటే అదే. పిల్ల దగ్గు తగ్గింది. రామి నవ్వితే తండా దాకా వినబడేదని చాంద్యా ఎగతాళి చేసేవాడు.

ఇక ఆ నేలలో ఆమె వేసింది చూడాలి. వంటింటి గోడ పక్కనే పందిరి వేసింది. బీర, సొర, చలికాలానికి చిక్కుడు. వంటింటి నీళ్లు బయటకు వచ్చేది అక్కడే కాబట్టి పాదులకు వేరే నీళ్లు మోయనక్కర్లేదు. అయినా మోసేది. పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు, గోడ మొదట్లోనే పోసేది. రేగడి ఆ నీళ్లు తాగి ఊరుకుంటుందా? తీగలు రేకుల మీదకు పాకాయి. బీరకాయలు మోచేతి పొడవు. తండాకు సంచుల్లో పంపింది, రోడ్డు మీద పోయేవాళ్లకు పిలిచి ఇచ్చింది. కాళ్లు గీక్కొని పొమ్మన్న ఆసామి భార్య బతికి ఉంటే ఆమెకు కూడా రెండు కాయలు పంపేదేమో.

రెండో ఏడాది ఎండాకాలంలో సుజాత వంటింటి మూలలో వెంట్రుకంత గీత చూసింది. అత్తను పిలిచి చూపించింది. కొత్త గోడ ఇగురుకుంటుంది, ఏం కాదు అంది రామి. నెల తిరిగేసరికి ఆ గీతలో పైసా బిళ్ల పట్టింది. ప్రేమ్‌సింగ్ సిమెంటు కలిపి పూశాడు. వాన పడగానే పూసినది ఉబ్బి ఊడి పడింది. తలుపు వానాకాలం మూసుకోదు, ఎండాకాలం తెరుచుకోదు. బయట నేల చూస్తే ఎండకు నెర్రెలు పట్టి, పిల్ల ఆడుకునే గోటీ ఒకటి జారవిడిస్తే అది ఎక్కడికి పోయిందో చప్పుడు కూడా వినబడలేదు. సుజాతకు భయం పట్టుకుంది. ఆమె పుట్టిల్లు ఘనపూర్ దగ్గర. పుట్టింటివాళ్లు ఏమన్నారో ఏమో, ఒక రోజు మామను అడిగింది.

"మామా, గుట్ట జాగ ఇంక ఉన్నదా, అమ్ముడువోయిందా?"

చాంద్యా రామి వైపు చూశాడు. రామికి ఆ చూపే కోపం తెప్పించింది. ఇంట్లోకి వచ్చి కూర్చుని తిన్నంత కాలం తిని ఇప్పుడు వంకలు పెడుతున్నారా అని ఇద్దరినీ కలిపి దులిపింది. ఎండకు నేల ఎండుతోంది కాబట్టి గోడ పగులుతోందని తనకు తానే లెక్క తేల్చుకుంది. తడి ఉంటే పగలదు కదా. అందుకని గోడ మొదట్లో ఇంకొక బిందె ఎక్కువ పోయడం మొదలుపెట్టింది.

ఏం చెప్పేది. ఇంటికి మూడు వైపులా నేల ఎండి ముడుచుకుపోతోంది. ఆ ఒక్క వైపు మాత్రం నీళ్లు తాగి తాగి ఉబ్బి, మోకాలి లోతు పునాదిని కింద నుంచి భుజం పెట్టి లేపుతోంది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గుంతలో పెట్టి ఎంతసేపు నిలబడగలరు మీరు? ఇల్లు అట్లా నిలబడి ఉంది.

మూడో ఏడాది వానలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చినవి ఆగకుండా పడ్డాయి. ముసురు తెరిపిచ్చి, పొద్దు కాస్త కనబడిన ఒక మధ్యాహ్నం, ప్రేమ్‌సింగ్ పనికి పోయాడు. సుజాత ముందు గదిలో పిల్లకు తల దువ్వుతోంది. రామి అరుగు మీద బియ్యం ఏరుతూ, కూరకేమీ లేదని, నాలుగు బీరకాయలు తెంపుకరమ్మని చాంద్యాను లేపింది. ఆయన కునుకులో ఉన్నాడు. ముసురుకు ఒళ్లు బరువుగా ఉందని గొణుక్కుంటూనే లేచి, గోడ పక్కకు పోయాడు. ఆయన కాయ తెంపిన చప్పుడు కూడా ఆమెకు వినబడింది. ఆ తర్వాత వినబడింది పెద్దగా ఏమీ కాదు. చెట్టు కొమ్మ విరిగినట్టు ఒక చిటపట, ఆ వెంటనే నేల మీద బస్తా పడినట్టు ఒక దెబ్బ. వంటింటి గోడ అంతా ఒక్క పలకలా బయటకు వాలిపోయింది. పందిరి, తీగలు, రేకులు, అన్నీ దాని మీద.

ఇటుకలు తీసింది రామి, సుజాత, రోడ్డు మీద పోతూ ఆగినవాళ్లు. చాంద్యా ఊపిరి ఉంది అప్పటికి. ఆటోలో వేసుకుని దవాఖానకు పోతుంటే దారిలో ఒకసారి కళ్లు తెరిచి, పిల్ల ఏదని అడిగాడు. పిల్ల మంచిగా ఉందని రామి చెప్పింది. అది విన్నాడో లేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఘనపూర్ చేరకముందే పోయాడు.

తండాకు తీసుకుపోయి కాల్చారు. దినాలకు రాజలింగం వచ్చాడు. చెట్టు కింద కూర్చున్న రామి ఎదుట చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"రామీ, మన్ను మంచిదేనా అని అడిగినవ్. మంచిదే అన్న. అబద్ధం ఆడలే. దేనికి మంచిది అని నువ్వడగలే, నేను చెప్పలే."

రామి తలెత్తి చూసింది.

"మీ ఇల్లు ఏడున్నది పటేలా?"

"ఊర్లె. మా తాతలు కట్టింది."

"మీ ఊరు ఏ మన్ను మీదున్నది?"

ఆయన చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది. చిన్నప్పటి నుంచి ఆ ఊళ్ల మీదుగా ఎన్నిసార్లు నడిచిందో. అక్కడైనా చిట్యాల వైపైనా ఏ ఊరు చూసినా ఇళ్లన్నీ ఎర్ర మొరం ఉన్న మెరక మీద, చేన్లన్నీ పల్లంలో నల్లమన్నులో. రేగడి ఉన్న ఆసాముల్లోనే ఒక్కరూ రేగడిలో పడుకోలేదు. పొద్దంతా వాళ్ల చేనులో వంగి పత్తి ఏరింది కానీ, పొద్దు గూకాక వాళ్లు ఎక్కడికి పోతున్నారో ఒక్కసారీ చూడలేదు. "ఎర్రమన్నే," అన్నాడు రాజలింగం, చాలా చిన్నగా.

పడిపోయిన గోడను చూడటానికి మండలం నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. రేగడిలో ఇల్లు కట్టకూడదని ఏమీ లేదని, కట్టే తీరు వేరని చెప్పాడు. కింద గట్టి మొరం తగిలేదాకా దిగాలట, అక్కడ అది ఇద్దరు మనుషుల లోతులో ఉందట. పునాది చుట్టూ ఇసుక నింపాలి, గోడ దగ్గర చుక్క నీరు నిలవకూడదు, చెట్టూ పాదూ దూరంగా వేయాలి. కొనేముందు ఒక గుంత తవ్వి కింది దాకా చూస్తే ఇదంతా తెలిసిపోయేదని అన్నాడు. చెబుతూ చెబుతూ పందిరి వైపు చూసి, ఇక్కడ నీళ్లు పోసింది ఎవరని అడిగాడు. నేనే అని రామి చెప్పింది. ఆయన తల దించుకుని బండి ఎక్కాడు.

సుజాత ఆ ఇంట్లో ఇక అడుగు పెట్టనంది. ఎట్లా పెడుతుంది? పిల్లను ఎత్తుకుని మళ్లీ భూపాలపల్లి కిరాయి గదికే పోయారు. రామి మిగిలిన ఒక గదిలో, కూలిన వైపు తాటిపత్రి పట్టా కట్టుకుని ఉండిపోయింది. ఆ గదికీ నెర్రెలున్నాయి, ఉంటే ఉన్నాయి అనుకుంది.

కొన్నాళ్లకు ప్రేమ్‌సింగ్ ఒక మాట తెచ్చాడు. గుట్ట జాగా ఇంకా అమ్ముడుపోలేదట. ఈ జాగా అమ్మితే అది కొనొచ్చు. మళ్లీ అందరం ఒక్క దగ్గర ఉండొచ్చు, సుజాత కూడా ఒప్పుకుంది అన్నాడు. రామికి చచ్చిన ప్రాణం లేచి వచ్చింది. ఆమెకు ఇక రేగడి వద్దు, పందిరి వద్దు. ఆ అయిదుగురిలో నలుగురైనా ఒక్క పొయ్యి దగ్గరికి వస్తే చాలు. ప్రేమ్‌సింగ్ గోడ ముక్కలు ఎత్తిపోయించాడు. మిగిలిన గది కూల్చి, తల్లికి ఒక మూలన రేకుల గుడిసె వేశాడు. ఆ తర్వాత రెండు టిప్పర్ల ఎర్ర మొరం తెచ్చి జాగా అంతా పరిచి చదును చేశాడు. చూస్తే ఎవరైనా గుట్ట నేలే అనుకోవాలి. ఎవరైనా అడిగితే వానకు పడిందని చెప్పు, మన్ను సంగతి నువ్వు ఎత్తకు అని తల్లికి చెప్పి పోయాడు. వాడు చెడ్డవాడు కాదు. బిడ్డ దగ్గు వింటూ గదిలో పడుకునే తండ్రి వాడు.

కొనడానికి వచ్చింది షారోన్ అనే అమ్మాయి. జనగామ ఆమె ఊరు, ఇక్కడ దవాఖానలో నర్సు. భర్తను, కాళ్లు పడిపోయిన తల్లిని తెచ్చుకుని ఉండటానికి ఇల్లు కావాలంది. జాగా నచ్చింది, రోడ్డు నచ్చింది. ప్రేమ్‌సింగ్ పక్కన నిలబడి అన్నీ చెబుతున్నాడు, పడిన గోడ మాట వస్తే ఇటుక నాసిది అన్నాడు. షారోన్ గుడిసె ముందు కూర్చున్న రామి దగ్గరికి వచ్చింది. దవాఖానలో నలుగురితో మాట్లాడే అలవాటున్న పిల్ల, వచ్చి పక్కనే కూలబడింది.

"అవ్వా, తాత గిక్కడనే పోయిండట గదా. మా అమ్మను గీడ పండవెట్టి నేను డూటీకి పోవాలె. జర నిజం చెప్పు. ఇటుకదేనా తప్పు?"

రామి కొడుకు వైపు చూసింది. వాడు చూపుతో బతిమాలాడు. అవును బిడ్డా, ఇటుకదే అంటే చాలు. గుట్ట జాగా వస్తుంది. సుమన వస్తుంది. పెద్ద గిన్నె మళ్లీ పొయ్యి ఎక్కుతుంది. ఒక్క మాట. మంచం మీద నుంచి లేవలేని ముసలితల్లి ఆ గోడ పక్కన పడుకుని ఉన్నట్టు ఆమెకు కనబడింది. గోడ ఒరుగుతుంటే చూస్తూ కూడా లేవలేకపోతోంది ఆమె.

రామి లేచి నిలబడింది. కాలి బొటనవేలితో ఎర్ర మొరాన్ని పక్కకు తోసింది. బెత్తెడు కింద నల్లగా కనబడింది. జాగా అంచు దాటి మొరం లేని చోటికి షారోన్‌ను తీసుకుపోయి, ఒక పుల్ల తీసుకుని నేల నెర్రెలో పెట్టి వదిలింది. పుల్ల మొత్తం లోపలికి పోయింది.

"గిది ఎండకు నోరు తెరుస్తది, వానకు మూసుకుంటది బిడ్డా. నడుమ ఏమున్నా నలుగుతది. ఇద్దరు మనుసుల లోతు పోయి పునాది కట్టగలిగితే కొను. లేకుంటే ఒద్దు."

షారోన్ వంగి రామి కాళ్లకు దండం పెట్టింది. అంత లోతు పోయే తాహతు తనకు లేదని ప్రేమ్‌సింగ్‌తో చెప్పి స్కూటీ ఎక్కి పోయింది. ఆ మాట ఊళ్లో పాకింది. ఆ తర్వాత ఇల్లు కట్టుకోవడానికి ఆ జాగా అడిగినవాళ్లు లేరు.

ప్రేమ్‌సింగ్ అరవలేదు. అరిస్తే బాగుండేదని రామి ఎన్నోసార్లు అనుకుంది. బండి స్టాండు తీస్తూ ఒక్కటే అన్నాడు.

"యాడీ, నువ్వు తప్పు చెప్పలే. గాని మా అందరికంటే ఆమెనే నీకు దగ్గరయింది."

తల్లిని యాడీ అంటారు వాళ్ల భాషలో. ఆ పిలుపే ఆమె వాడి నోట ముఖాముఖి చివరగా విన్నది. గుట్ట జాగా వేరేవాళ్లు కొనుక్కున్నారు. సుజాత అప్పుడప్పుడూ ఫోన్ చేసి పిల్లకు ఇస్తుంది. పిల్ల మాట్లాడుతుంది, దగ్గుతుంది, మళ్లీ మాట్లాడుతుంది. మీ బాపు ఉన్నాడా అని రామి అడిగితే, ఉన్నాడు, పడుకున్నాడు అంటుంది. పగటిపూట కూడా అదే చెబుతుంది.

రామి ఆ మొరమంతా తానే గంపలతో ఎత్తి రోడ్డు పక్కన పోసింది. ఆ తుంటలో పత్తి పెట్టింది. అదీ ఎట్లా కాసిందనుకున్నారు! నడుము ఎత్తు చెట్టు, పగిలిన కాయ పగిలినట్టు తెల్లగా. దారిన పోయేవాళ్లు ఆగి, ఏం మన్ను అవ్వా నీది, బంగారం అంటారు. ఆమె అవునంటుంది, ఏరుకుంటూ పోతుంది. గోడ పడిన చోటికి వచ్చినప్పుడు మాత్రం వంగదు. ఆ నాలుగు చెట్ల పత్తి ఏరకుండా గాలికే వదిలేస్తుంది. పొద్దు గూకాక గుడిసెలో చిన్న గిన్నెలో పిడికెడు బియ్యం వేసుకుంటుంది.

ఇంతే పిల్లలూ. రేపు మీరు పెద్దవాళ్లయి ఎక్కడో ఒక జాగా ముందు నిలబడతారు. ఎవరో ఒక గడ్డ తీసి చిదిమి, మన్ను మంచిది అంటారు. వాళ్లు అబద్ధం చెప్పరు కూడా. మీరు మాత్రం దేనికి మంచిది అని అడగండి, ఈ ఊరివాళ్లు పొద్దు గూకాక ఏ మన్ను మీద పడుకుంటున్నారో చూడండి, గుంత తవ్వి కింది దాకా దిగండి. ఈ సంగతి మీలోనే దాచుకోకండి. జాగా కొంటున్నామని ఎవరు చెప్పినా కూర్చోబెట్టి చెప్పండి. నేను చెప్పినట్టే చెప్పనక్కర్లేదు, మీ మాటల్లోనే చెప్పండి. రామి పేరు మరిచిపోయినా తప్పు లేదు. చాంద్యా ఎందుకు పోయాడో మాత్రం మరిచిపోకండి.